సవరణగారి ముందుగది

మా మామగారి కాగితాలని ఆర్కైవ్స్ వాళ్ళకి ఇచ్చేద్దామన్న బుద్ధి పుట్టింది నాకే. ఇంకొకళ్ళని తిట్టుకోవడానికి లేదు. కాగితాలు పోతే ముందుగది ఖాళీ అవుతుంది, గది ఖాళీ అయితే అక్కడ అత్తగారి మంచం పడుతుంది, మంచం పడితే ఆవిడ మోకాలి ఆపరేషన్ జరుగుతుంది. ఇంత తిన్నని లెక్క తప్పుతుందని ఎవరనుకుంటారు? నేను కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో పనిచేస్తాను. రోజంతా జనం గోడు విని, ఎవరి వైరు ఎక్కడ తెగిందో ఫోన్లోనే కనిపెట్టి చెప్తాను. మా ఇంట్లో వైరు ఎక్కడ తెగిందో మాత్రం చాలా రోజులు అంతుపట్టలేదు.

మాది చిన్న మేడ. కింద ముందుగది, వెనక వంటిల్లు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత నడవా. పడకగదులన్నీ పైనే. కింద ఉన్న ఒక్క బాత్రూం తలుపు ముందుగదిలోకే తెరుచుకుంటుంది. మామగారు శాసనసభ్యుడిగా ఉన్న రోజుల్లో, తనకోసం వచ్చి గంటలకొద్దీ ఎదురుచూసేవాళ్ళు ఇబ్బంది పడకూడదని కట్టించారు దాన్ని. ముందుగది బయట వరండాలో పొడుగాటి చెక్కబల్ల ఉంటుంది. అదీ వాళ్ళకోసమే.

మామగారు మూడుసార్లు గెలిచారు. మంత్రి కాలేదు, కనీసం ఏ కమిటీకీ అధ్యక్షుడు కూడా కాలేదు. ఆయన చేసిందల్లా సవరణలు. సభలోకి ఏ బిల్లు వచ్చినా లేచి నిలబడి, ఫలానా పదం తీసి ఫలానా పదం పెట్టమనేవారు. అందుకే అక్కడ ఆయన్ని అందరూ 'సవరణగారు' అనేవారట. ఆయన సవరణలన్నీ ఓడిపోయాయి, ఒక్కటి తప్ప. బస్టాపుల బిల్లులో 'నీడనిచ్చే కప్పు' అన్న చోట 'నీడనిచ్చే కప్పు, కూర్చునేందుకు బల్ల' అని చేర్పించారు. ఆ ఓటింగు వేళకి అధికారపక్షం వాళ్ళు సగంమంది భోజనానికి వెళ్ళారని అత్తగారు అంటారు. ఏమైతేనేం, ఇవాళ రాష్ట్రంలో ఏ బస్టాపులో బల్ల కనపడినా అది మా మామగారి చలవే. ఆ కథ మాకందరికీ ఆయన ఎక్కడ దగ్గుతారో కూడా తెలిసేంత కంఠతా వచ్చు.

ఈ సవరణల పిచ్చి ఇంట్లోనూ వదల్లేదు. ఆదివారం సినిమాకి వెళ్దామని పిల్లలంటే, 'ఆదివారం' బదులు 'వీలున్న ఆదివారం' అని మార్చమంటారు.

పొద్దున్నే ఏడింటికి ఆయన తల దువ్వుకుని, కాలరు సర్దుకుని కిందికి దిగేవారు. బల్ల మీద వరసగా కూర్చున్నవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్ళి, "చెప్పండమ్మా, ఎక్కణ్ణుంచొచ్చారు? ఏం కావాలి?" అని అడిగేవారు. అంతా విని చివర్లో "చూద్దాం" అనేవారు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆయన చూద్దామంటే చూసేవారు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగేవారు. పని కాకపోతే మనిషిని పిలిపించి కాలేదని చెప్పేవారు.

నాలుగోసారి ఓడిపోయారు. ఐదోసారి పార్టీవాళ్ళు టిక్కెట్టే ఇవ్వలేదు. బల్ల మీద జనం పలచబడి, పలచబడి, చివరికి పక్కింటి పిల్లి ఒక్కటే మిగిలింది. అయినా ఆయన ఏడింటికి తల దువ్వుకుని దిగడం మానలేదు. వరండాలోకి తొంగిచూసి, పిల్లిని చూసి, ముందుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేవారు. లోపల నేల నుంచి కిటికీ దాకా కాగితాలే. అర్జీలు, ప్రసంగాలు, బిల్లుల నకళ్ళు, పేపరు కత్తిరింపులు. బాత్రూం తలుపు ఎప్పుడు మూసుకుపోయిందో ఎవరికీ గుర్తులేదు.

అత్తగారి మోకాళ్ళు అరిగిపోయి చాలా ఏళ్ళయింది. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, చంటిపిల్లలా దిగుతారు. పొద్దున దిగితే మళ్ళీ బాత్రూముకో, పడుకోవడానికో తప్ప ఎక్కరు. ఆపరేషన్ ఇదివరకే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి ఎన్నికలు అడ్డొచ్చాయి. రెండోసారి టిక్కెట్టు రాలేదని మామగారు మంచమెక్కితే, ఆవిడ ఆయన పక్కన కూర్చున్నారు. ఈసారి డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది.

"ఇంకా ఆలస్యం చేస్తే కాలు వంకరపడిపోతుంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు మెట్ల మాటెత్తకూడదు. మంచం, బాత్రూం ఒక్కచోట ఉండాలి. ఉందా కింద అలాంటి గది?"

"ఉందండీ," అన్నాను నేను, ఉందన్నట్టే.

బయటికొచ్చాక అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "నాకు ఆపరేషనంటే చచ్చేంత భయమే అమ్మాయ్. ఎలాగో గుండె చిక్కబట్టుకున్నాను. ఇది కూడా వాయిదా పడిందంటే మళ్ళీ నావల్ల కాదు. ఇలాగే దేకుతూ పోతాను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను, మీ నాన్నగారితో మాట్లాడండని. "నువ్వే చెప్పు, నీ మాటైతే వింటారు," అన్నారు. ఈ మాట మా పెళ్ళైన దగ్గర్నుంచీ అంటున్నారు. మామగారు నా మాట విన్నది ఎప్పుడో ఇంతవరకూ చూపించలేదు.

కాగితాలు పారేద్దామంటే మామగారు ప్రాణం పోయినా ఒప్పుకోరు. అందుకని ఆర్కైవ్స్ ఆఫీసుకి ఫోన్ చేశాను. పాత శాసనసభ్యుల కాగితాలు తీసుకుని భద్రపరుస్తారని ఎక్కడో చదివాను. విన్నవాళ్ళు ఎగిరి గంతేశారు. మామగారికి చెప్పాను.

"అంటే... భావితరాలకా?" అన్నారు.

"అవునండీ, భావితరాలకి. ముందుగదిలో అత్తయ్య పడుకోవచ్చు, భావితరాలు అక్కడ చదువుకోవచ్చు."

ఆయన రెండో వాక్యం వినలేదని నాకిప్పుడు తెలుసు.

వచ్చినాయన సన్నగా, నెమ్మదిగా ఉన్నారు. గుమ్మంలోనే జేబులోంచి తెల్లని చేతితొడుగులు తీసి వేసుకున్నారు. అప్పట్నుంచీ మాకాయన తొడుగులాయనే. ముందుగది తలుపు తీసి చూసి, పండగొచ్చిన పిల్లాడిలా అయిపోయారు. నేను టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. తిరిగొచ్చేసరికి సంతకాలు అయిపోయాయి, మామగారు నడవాలో నాకు ఎదురొచ్చారు.

"వాళ్ళకో రూలుందటమ్మా. ఏ కాగితం ఎక్కడుందో ఆ వరస చెడకూడదట. అందుకని ఇక్కడే కూర్చుని, ఉన్నవి ఉన్నచోటే ఒక్కొక్కటీ రాసుకుంటారట. అది అయ్యేదాకా గదిలోంచి పూచికపుల్ల కదపకూడదు."

"ఎన్నాళ్ళు పడుతుందటండీ?"

"చూద్దాం."

"గది అత్తయ్యకి కావాలని చెప్పారా?"

"చెప్పకేం? పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు. రూలు."

నేను గదిలోకి తల పెట్టి, "వరస అంత ముఖ్యమాండీ?" అని అడిగాను. "వరసే ప్రాణం మేడమ్," అన్నారు తొడుగులాయన, ఎంతో భక్తిగా. ఇంకేం మాట్లాడతాను? టీ చేతికిచ్చి ఆఫీసుకి పోయాను.

అలా మొదలైంది మా కర్మ. తొడుగులాయన రోజూ పొద్దున్నే వచ్చేవారు. వరండాలో చెప్పులు విడిచే చప్పుడు వినపడగానే మామగారు ముందుగదిలోంచి దాదాపు పరుగెత్తుకుంటూ ఎదురెళ్ళేవారు. ఆయనొక కాగితం ఎత్తి చూపించేవారు, ఈయన దాని కథ మొదలెట్టేవారు. కాగితం మీద ఉన్నది ఒక్క వాక్యం. ఊళ్ళో మురుక్కాలవ బాగుచేయించండని. కథ మాత్రం ఆ వీధి ఎలా పుట్టింది, అక్కడ ఎవరికి ఎవరితో పడదు, ఇంజినీరు ఎలాంటి మొండిఘటం, దాని మీద తను సభలో ఏమన్నారు, స్పీకరు ఏమన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు నవ్వలేదు, ఇలా సాగుతూ పోయేది. తొడుగులాయన తల ఊపుతూ రాసుకునేవారు. నేను పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఏ కట్ట ముందు కూర్చునేవారో, సాయంత్రం వచ్చేసరికి ఆ కట్ట ముందే ఉండేవారు.

కత్తెరల పెట్టె దగ్గర నాకు నిజంగా ఏడుపొచ్చింది. మామగారు రిబ్బను కత్తిరించిన ప్రతిచోటి నుంచీ ఆ కత్తెర ఇంటికి తెచ్చుకున్నారట. పెట్టెడు కత్తెరలు. ఒక్కటీ తెగదు. పిల్లలకి స్కూలు పనికి కావాలంటే ఇంట్లో కత్తెర లేదని నేను దుకాణానికి పరుగెత్తిన రోజులు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఏ కత్తెరతో ఏది ప్రారంభమైందో తేల్చడానికి వాళ్ళిద్దరికీ వారం పట్టింది. ఒక కత్తెర నీళ్ళ ట్యాంకుదా, పశువుల ఆసుపత్రిదా అన్నది తేలక, మామగారు అన్నం దగ్గర కూడా దాన్ని పక్కన పెట్టుకుని ఆలోచించారు.

అది చాలదన్నట్టు కాగితాలు పెరగడం మొదలెట్టాయి. నమ్మండి. మామగారికి రాత్రి ఏదో గుర్తొచ్చేది. పొద్దున లేచి ఒక వివరణ రాసేవారు. 'పై అర్జీ విషయంలో మరికొన్ని వాస్తవాలు' అని. దాన్ని తీసుకెళ్ళి కట్ట మీద పెట్టేవారు. శాసనసభ్యుడి స్వహస్తాలతో రాసింది కాబట్టి దాన్నీ రాసుకోవాలి కదా అని తొడుగులాయన రాసుకునేవారు. ఆ వివరణకి మర్నాడు సవరణ వచ్చేది. నేను ఖాళీ చేయించాలనుకున్న గది నా కళ్ళముందే నిండుతోంది.

ఒక ఆదివారం తెగించాను. తొడుగులాయన రారు, మామగారు నిద్రపోతున్నారు. కనీసం బాత్రూం తలుపు తెరుచుకునేంత దారి చేద్దామని ఒక కట్ట ఎత్తి పక్కన పెట్టాను. మామగారు నిద్రలో ఏం కలగన్నారో ఏమో, కిందికొచ్చి చూసి నేనేదో హత్య చేసినట్టు గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. సోమవారం తొడుగులాయన కూడా కట్టని ఎగాదిగా చూసి చాలా బాధపడ్డారు. తిట్టలేదు, అదే నయం. పెన్ను తీసి దాని పక్కన 'కోడలు కదిపినవి' అని రాసుకున్నారు. భావితరాలకి నేను మిగిలేది అలాగన్నమాట.

"ఎప్పటికవుతుందండీ ఇది?" అని ఆ రోజు ఆయన్ని అడిగాను, పళ్ళు బిగపట్టి.

"సార్ చెప్పేదాన్ని బట్టి ఉంటుంది మేడమ్," అన్నారాయన. నాకప్పుడైనా అనుమానం రావాల్సింది.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. తేదీ ఖాయం చెయ్యమంటారా, కింద గది సిద్ధమేనా అని. రేపు చెప్తానన్నాను. ఆ సాయంత్రం అందరం భోజనాల దగ్గర ఉండగా మామగారిని నిలదీశాను.

"మామయ్యగారూ, గది ఎప్పుడిస్తారు?"

"చూద్దామమ్మా."

"చూసింది చాలండీ. ఆసుపత్రివాళ్ళు అడుగుతున్నారు."

ఆయన గొంతు సవరించుకున్నారు. నాకర్థమైంది, సభ మొదలైందని. "నువ్వు 'ముందుగది' అంటున్నావు. దాని బదులు 'ముందుగదిలో ఒక మూల' అనుకుందాం."

"మూలలో మంచం పట్టదండీ."

"అయితే 'మంచం' అన్నచోట 'పడక్కుర్చీ' అని..."

"బాత్రూం తలుపు తెరుచుకోదండీ!"

"అదే, 'బాత్రూం' అన్నచోట..."

"బాత్రూం అన్నచోట బాత్రూమే ఉంటుంది మామయ్యగారూ!" అని అరిచాను. మా ఇంట్లో నేను అంత గట్టిగా అరవడం అదే మొదలు. మా ఆయన కంచంలోకి తల దించుకున్నారు.

అత్తగారు గిన్నెల మీద మూతలు పెట్టారు. "రేపు ఫోన్ చేసి వద్దని చెప్పెయ్ అమ్మాయ్," అన్నారు, రేపు పాలు వద్దని చెప్పినంత మామూలుగా. తరవాత మెట్లు ఎక్కడం మొదలెట్టారు. ఒక కాలు, ఆగి రెండో కాలు. ఆవిడ పైకి చేరేదాకా మేమెవ్వరం అన్నం కలుపుకోలేకపోయాం. మామగారు కూడా.

పొద్దున నేను లేచి చూసేసరికి అత్తగారు పక్కమీద లేరు, వంటింట్లోనూ లేరు. వరండాలో చూశాను. బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చెక్కబల్ల చివర కూర్చున్నారు. అందరికన్నా ముందు లేచి, ఆ మెట్లన్నీ ఒక్కరే దిగారు. పిల్లి ఆవిడ పక్కనే పడుకుని ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆవిడ వేలు పెదవి మీద పెట్టుకున్నారు.

ఏడింటికి మామగారు దిగారు. కళ్ళజోడు ముందుగదిలో ఉంటుంది, అది పెట్టుకునేదాకా ఆయనకి మనుషులు మసకమసగ్గానే కనపడతారు. అలవాటుగా వరండాలోకి తొంగిచూశారు. బల్ల మీద ఎవరో ఆడమనిషి.

ఆయన ముఖం వెలిగిపోవడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. అన్నాళ్ళ తరవాత ఎవరో వచ్చారు. గబగబా కాలరు సర్దుకున్నారు, జుట్టు వెనక్కి రాసుకున్నారు, వంగి ఎంతో మర్యాదగా అడిగారు.

"చెప్పండమ్మా, ఎక్కణ్ణుంచొచ్చారు? ఏం కావాలి?"

"మేడమీంచి," అన్నారు అత్తగారు.

ఆయన అలాగే వంగి ఉండిపోయారు. తరవాత నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు.

"అడిగారు కదా, వినండి. నాకొక గది కావాలండీ. పక్కనే బాత్రూం ఉన్న గది. కాలు కోయించుకున్నాక పడుకోవడానికి. ఈ బల్ల మీద కూర్చున్న ప్రతివాళ్ళనీ మీరు ఏం కావాలని అడిగారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడిగారు. నన్ను ఇన్నేళ్ళలో ఒక్కసారి అడగలేదు. ఇవాళ కళ్ళజోడు లేక అడిగారు. అందుకని చెప్తున్నాను."

"అది కాదే..."

"బస్టాపులో ఎవరో పెద్దావిడ నిలబడలేకపోతోందని రాష్ట్రమంతా బల్లలు వేయించారు. నేనిప్పుడు ఆవిడకన్నా పెద్దదాన్నయ్యాను."

మామగారి నాలుక చివరికి 'చూద్దాం' వచ్చింది. నేను చూశాను, పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. తొడుగులాయన వచ్చారు. మా ముఖాలు చూసి మెట్టు మీదే ఆగిపోయారు. ఇంక నావల్ల కాలేదు. "ఏమండీ, ఆపరేషనుందని తెలిసి కూడా మీ వరస మీద మీకు అంత ప్రేమేమిటండీ? ఆవిడ కాలు వంకరపోతే మీ ఆర్కైవ్స్‌లో పెట్టుకుంటారా?" అని కడిగేశాను.

"ఆపరేషనా?" ఆయన తెల్లబోయారు. "అమ్మగారికా? నాకెవ్వరూ చెప్పలేదే!"

"మీ రూలుంది కదా, ఇక్కడే రాసుకోవాలని!"

"అలాంటి రూలేం లేదు మేడమ్. ఉన్నవి ఉన్నట్టు ఫొటోలు తీసుకుని, పెట్టెలకి నంబర్లు వేసి పట్టుకెళ్ళిపోతే వరస చెడదు. ఒక్కరోజు పని. మొదటిరోజే అడిగాను. సారే, ఇక్కడే కూర్చుని చేద్దాం, ఒక్కొక్కటీ నేనే చెప్తానన్నారు. గది ఎవరికీ అవసరం లేదన్నారు. ఇంత వివరంగా చెప్పే దాత మాకెక్కడ దొరుకుతారు? నేనూ సంతోషంగా..." అని ఆగిపోయారు.

అందరం మామగారి వైపు తిరిగాం. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆవిడ కాలుతో ఆటలాడారు, నాతో అబద్ధమాడారు, లేని రూలొకటి పుట్టించారు. ఎన్నికల్లో ఓడినా ఆడని అబద్ధం. నాలుగు దులపాలనే నోరు తెరిచాను. ఆయన పిల్లి పక్కన బల్ల మీద కూలబడ్డారు.

"రోజూ పొద్దున్నే ఒక మనిషి వస్తున్నాడమ్మా," అన్నారు. "తలుపు కొడుతున్నాడు. కూర్చుని వింటున్నాడు. పెట్టెలు పోతే ఆయనెందుకొస్తాడు?"

కోపం పోలేదు. కానీ తిట్టబుద్ధి కాలేదు. ఇది మరీ విసుగు.

"ఇంటినిండా మనుషులమున్నాం కదండీ," అన్నారు అత్తగారు. "మాకు చెప్పచ్చు కదా."

"మీరు వింటారా?"

ఆవిడ పిల్లి వీపు నిమిరారు. "వినం. నిజమే. ఆ బల్ల సవరణ కథ మొదలెడితే అందరికన్నా ముందు నేనే లేచిపోతాను. కానీ కాలు నాది కదండీ."

మామగారు లేచి ముందుగదిలోకి వెళ్ళారు. కళ్ళజోడు పెట్టుకుని, బాత్రూం తలుపుకి అడ్డంగా ఉన్న కట్టల్లో పైదాన్ని రెండు చేతులా ఎత్తుకుని వరండాలోకి తీసుకొచ్చారు.

"సార్, సార్! ఫొటో తియ్యకుండా..." అని తొడుగులాయన గిలగిలలాడారు.

"తీసుకోండి. త్వరగా తీసుకోండి," అన్నారు మామగారు. కట్ట ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను.

ఆ సాయంత్రానికి వ్యాను వచ్చింది. మా ఆయన సెలవు పెట్టి, ఎవరూ అడక్కుండానే పెట్టెలు మోశారు. చరిత్రలో అదొకటి రాసుకోవాలి. కత్తెరల పెట్టె వ్యాను ఎక్కుతుంటే మామగారు వరండా స్తంభాన్ని పట్టుకుని చూశారు. గది కడిగితే నేల రంగేదో చాలా ఏళ్ళకి మళ్ళీ తెలిసింది. బాత్రూం తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

ఆపరేషన్ అయింది. బాగానే అయింది. అత్తగారి మంచం కిటికీ పక్కన వేశాం. పొద్దున్నే ఏడింటికి మామగారు తల దువ్వుకుని, కాలరు సర్దుకుని దిగి, ముందుగది గుమ్మంలో నిలబడి, "చెప్పండమ్మా, ఏం కావాలి?" అనేవారు. అలవాటు కొద్దీ మళ్ళీ "చూద్దాం" అనేవారు. "చూద్దామేమిటండీ, మంచినీళ్ళు!" అని ఆవిడ కసిరేవారు. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి కాలు ఎంత వంచమంటే, ఈయన దాన్ని కొద్దిగా తగ్గిస్తూ ఒక సవరణ ప్రతిపాదించేవారు. ఓడిపోయేవారు. మనిషి మారాడని నేననను. నా ప్రాణం ఇప్పటికీ విసుగుతూనే ఉంది.

ఆర్కైవ్స్‌కి ఆయనే వెళ్తున్నారిప్పుడు, వారానికి రెండుసార్లు. కారులో దింపుతానని మా ఆయన అంటే వద్దంటారు. బస్సులోనే వెళ్తారట. ఎందుకో నాకు తెలియలేదు, మొన్నటి దాకా.

మొన్న అత్తగారు చేతికర్రతో మొదటిసారి వీధిలోకి వచ్చారు. మామగారు ఆర్కైవ్స్‌కి బయల్దేరుతుంటే, బస్టాపు దాకా నేనూ వస్తానన్నారు. తోడుకి నేనూ వెళ్ళాను. బస్టాపులో బల్ల మీద సంచులతో ఒకాయన కూర్చుని ఉన్నారు. మామగారు అత్తగారిని జాగ్రత్తగా కూర్చోబెట్టి, తనూ కూర్చుని, ఆ సంచులాయన వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

"ఈ బల్ల ఎలా వచ్చిందో తెలుసాండీ మీకు?"

అప్పుడర్థమైంది బస్సు మీద ప్రేమ. బస్సొచ్చేదాకా పాపం వాళ్ళు ఎక్కడికీ పోలేరు. నేను తల పట్టుకున్నాను. బిల్లు మొదలైంది, 'నీడనిచ్చే కప్పు' వచ్చింది, స్పీకరు వచ్చారు. ఈపాటికి అత్తగారు లేచిపోవాలి. లేవలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. కాలు పట్టేసిందేమోనని నాకు భయమేసింది.

"అత్తయ్యా, లేవలేకపోతున్నారా? చెయ్యివ్వనా?" అని చెవిలో అడిగాను.

"లేవగలనే," అన్నారు ఆవిడ. "ఉండు, ఇప్పుడు దగ్గుతారు. చెప్పనీ."